జ్వరం కాదు, ఉబ్బసం

మా ఇద్దరికీ పెళ్ళిచూపులంటూ జరగలేదు. నా భార్య మా మేనత్త కూతురు. ప్రొద్దుటూరులో వాళ్ళింట్లో రెండు మగ్గాలు ఆడేవి. నేను హైస్కూలు చదువంతా ఆ ఇంట్లో ఉండే చదువుకున్నాను. పోగుల దుమ్ముకు ఆమె గోడకానుకుని కూర్చుని, గొంతులో ఈల ఇరుక్కున్నట్టు కూస్తూ ఊపిరి తీస్తుంటే, పక్కనే కూర్చుని లెక్కలు చేసుకున్నవాణ్ణి. కాబట్టి ఆమె ఉబ్బసం గురించి తెలియక నేను పొరపాటు చేశానని ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండుతుంది. తెలియక కాదు. ఆమె తర్వాత ఆ జబ్బు గురించి ఎక్కువ తెలిసినవాణ్ణి నేనే.

పెళ్ళయ్యేనాటికి నాకు పులివెందుల పక్కన ఒక పల్లెలో ఉద్యోగం. ఒకే ఒక్క అయివారుండే బడి. ఆ మెట్టనేల గాలి ఆమెకు పడింది. మగ్గం దుమ్ము లేదు, వీధి ఇరుకు లేదు. ఏడాదికి పదిసార్లు వచ్చే ఆయాసం మూడు నాలుగుకు దిగింది. పల్లెలో అందరూ నన్ను అయివారూ అని పిలుస్తారు కదా, ఆమె కూడా ఎగతాళికి అట్లాగే పిలిచేది. "అయివారూ, ఉప్పు అయిపోయింది. రోంత బడి ఇడిసిపెట్టి అంగడికి పోయొస్తావా?" అని గడపలో నిలబడి అరిస్తే పిల్లలంతా పలకలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. ఎంత వెర్రివాణ్ణో చూడండి, దానికి కూడా కోపం తెచ్చుకున్నాను.

ఉబ్బసం వచ్చినప్పుడు ఏం చేయాలో ఆమే నాకు నేర్పింది. పరుపు చుట్టి ముందు పెట్టుకుని, దాని మీద నుదురు ఆనించి కూర్చునేది. పడుకోమని బలవంతం చేయకూడదు. చుట్టూ జనం మూగకూడదు, కానీ ఒక్కరు మాత్రం పక్కన ఉండి తీరాలి. ఒంటరిగా ఉంటే ఊపిరి ఇంకా బిగుసుకుపోతుందని ఆమె భయం. ఆ భయం వట్టిది కాదు, నేను కళ్ళారా చూశాను. ఒక్క ఊపిరికి ఎంతవరకు అంకెలు చెప్పగలదో చూసేవాళ్ళం. పది దాకా చెబితే ఏమీ అక్కర్లేదు. ఆరు దగ్గర ఆగితే ఎండిన ఉమ్మెత్తాకు పెంకు మీద కాల్చి ఆ పొగ పీల్చేది. నాలుగు కూడా దాటకపోతే పులివెందుల నుంచి తెచ్చిపెట్టుకున్న మాత్ర. రెండు మూడు రోజులకు దానంతటదే వదిలేది. ఎవరైనా "ఎట్లుండాదమ్మా?" అంటే "మామూలే" అనేది. ఇల్లు కాలిపోతున్నా ఈ పిల్ల మామూలే అంటుందని మా అత్త తిట్టేది.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక అది మొదటి ఎండాకాలం. బడికి ఇంకా పాత రాష్ట్రం పేరున్న హాజరుపట్టీలే వస్తున్నాయి. జూన్‌లో బడులు తెరిచారు గానీ ఎండలు తగ్గలేదు. పత్రికలో ఫ్లూ అని రాశారు. మా పల్లెవాళ్ళు దానికి నడుములిరిసే జరం అని పేరు పెట్టారు. ఒక సోమవారం బడికి సగం మంది రాలేదు. బుధవారానికి ఐదుగురు మిగిలారు. గురువారం నేను పడ్డాను.

ఒళ్ళంతా రోకళ్ళతో దంచినట్టు ఉండింది. నాలుగు రోజులు ఆమె నా తలకు తడిగుడ్డ వేసింది, గంజి తాపింది, నేను దగ్గి దగ్గి చస్తుంటే ముఖం మీదికి వంగి ఛాతీ రాసింది. దూరంగా ఉండు అని నేను ఒక్కమాట అనలేదు. తోచనే లేదు. ఐదో రోజు లేచి సంగటి తిన్నాను. పల్లెలో ముసలీ ముతకా అందరూ అట్లాగే లేచారు. ఒక్క ప్రాణం పోలేదు. దాంతో ఆ జ్వరమంటే మాకు లెక్క లేకుండా పోయింది.

నేను సంగటి తిన్న రోజే ఆమె పడింది. "నీ ఎంగిలి జరం నాకంటించి, నువ్వు కూచోని ముద్ద మింగుతాండావా?" అంది దుప్పట్లోంచి. నేను నవ్వాను. నాకు వచ్చినదే ఆమెకు వచ్చింది, నాకు పోయినట్టే పోతుంది. అంతకు మించి నా బుర్ర పనిచేయలేదు. రెండు రోజులు వట్టి జ్వరమే. మూడో రోజు పొద్దున ఊపిరి పట్టుకుంది. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరూ జరం పోయి లేస్తాంటే ఈ తల్లి ఉబ్బసం తెచ్చుకునింది సూడు" అని మురిపెంగా తిట్టి, మిరియాల కషాయం కాచి ఇచ్చి పోయింది. మేమందరం అట్లాగే అనుకున్నాం. జ్వరం ఊరిది, ఉబ్బసం ఆమెది. రెండూ వేరువేరు జబ్బులు. ఒకటి ఇంకొకదాని భుజమెక్కి కూర్చుంటుందని మాకెవరికీ తట్టలేదు.

తట్టాల్సింది నాకు. మామూలు ఉబ్బసంలో ఆమె ఒళ్ళు చల్లబడి చెమట కారేది. ఇప్పుడు పెనం మాదిరి కాలుతోంది. ఉమ్మెత్తాకు పొగ పట్టిస్తే దగ్గు పెరిగింది గానీ ఊపిరి సాగలేదు. మాత్రకు గుండెదడ వచ్చింది, ఆయాసం ఆయాసంగానే ఉంది. నాలుగో రోజు తెల్లవారి అంకెలు చెప్పమంటే రెండు దగ్గర ఆగిపోయి, ఇంక అడగొద్దన్నట్టు చెయ్యి ఊపింది. అప్పుడు భయపడ్డాను. జమ్మలమడుగు పెద్దాస్పత్రికి పోదామని ఎద్దులబండి కట్టించి పులివెందుల చేర్చాను.

ముద్దనూరు మీదుగా పోయే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. మా కళ్ళముందే ఒక ముసలాయన్ను అందులోంచి దించేశారు. "జరమొచ్చినోళ్ళను ఎక్కిచ్చుకుంటే మిగతా జనం దిగిపోతాండారప్పా! నేనేం జేద్దును? నాకూ పిల్లలుండారు" అని కండక్టరు అరుస్తున్నాడు. ముసలాయన కొడుకు బతిమాలుతున్నాడు. ముసలాయన మాత్రం మూట మీద కూర్చున్నాడు.

నేను ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, టీ అంగడి కుండలో నీళ్ళతో తువ్వాలు తడిపి ముఖం, మెడ, చేతులు తుడిచాను. మళ్ళీ తడిపి మళ్ళీ తుడిచాను. ఎందుకో ఆమెకు అర్థమైంది. "అబద్ధమాడినా... అతికినట్టుండల్ల... అయివారూ" అంది మాటకొక ఊపిరి తీసుకుంటూ. ఆ స్థితిలో కూడా ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆమె నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు.

కండక్టరు మెట్టు మీద అడ్డం నిలబడ్డాడు. "ఏందప్పా, ఈయమ్మకు జరమా?"

"జరం కాదప్పా, ఉబ్బసం. చిన్నప్పట్నుంచీ ఉండాది. జమ్మలమడుగులో సూది ఏపిచ్చల్ల" అన్నాను.

అతను చెయ్యి చాపి ఆమె నుదుటి మీద పెట్టాడు. తడి ఆరని నుదురు చల్లగానే తగిలి ఉంటుంది. పరాయి మగవాడు నా భార్య మీద చెయ్యి వేస్తే నేను ఊపిరి బిగబట్టి, నమ్మాలి దేవుడా అని మొక్కుకున్నాను.

"మామూలే అన్నా" అంది ఆమె. "దినామూ ఉండేదే."

"అట్లయితే ముందు సీట్లో కూచోబెట్టప్పా, గాలి తగుల్తాది" అన్నాడు. మంచివాడే, పాపం.

బస్సులో అందరూ అడిగారు. అందరికీ అదే చెప్పాను. వెనక సీటులో బట్టల మూటలతో కూర్చున్న సాయిబు ఒకాయన, "మా అమ్మకూ దమా ఉండె సార్, ఆస్పత్రిలో సూది ఏస్తే ఎంటనే నిమ్మళమైతాది, భయపడొద్దు" అని ధైర్యం చెప్పాడు. ఆయనకు ఆమె చిన్నప్పటి సంగతులు, మగ్గం దుమ్ము, ఏ కాలంలో ఎక్కువవుతుందో అన్నీ విడమరచి చెప్పాను. నేను చెప్పే వాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు, అదే నా ఖర్మ. ముద్దనూరు దాటేసరికి నేనే నమ్మేశాను. ఉబ్బసమే కదా, సూది వేస్తే పోతుంది కదా అని నా మనసు తేలికపడింది.

ఆస్పత్రి దగ్గర జ్వరం వాళ్ళకు వేరే పందిరి వేసి ఉంది. కింద చాపల మీద జనం వరసగా పడుకుని ఉన్నారు. లోపల చేర్చుకున్న వాళ్ళ దగ్గరికి ఇంటివాళ్ళను రానివ్వరని బస్సులో ఎవరో అన్నారు. నిజమో కాదో తెలియదు, మేము ఎవరినీ అడగలేదు. ఆ పందిరి చూడగానే ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆడ... ఒక్కదాన్నే... నావల్ల కాదు" అంది. గేటు దగ్గర మనిషి జ్వరమైతే అటు, వేరే జబ్బయితే ఇటు అని చేత్తో చూపిస్తున్నాడు. "ఉబ్బసం" అని చెప్పి ఆమెను ఇటు నడిపించాను.

డాక్టరు వయసు మళ్ళినాయన. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. అయినా విసుక్కోలేదు. ఛాతీకి, వీపుకు గొట్టం పెట్టి విన్నాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "ఒళ్ళు కాలుతోందే. జ్వరం వచ్చిందా? ఇంట్లో ఎవరికైనా వచ్చి తగ్గిందా?" అని నిదానంగా అడిగాడు.

ఆమె నా వైపు చూసింది.

"లేదు సార్. ఎండలో బస్సులో వచ్చినాము, అందుకే. ఇది మామూలు ఉబ్బసమే" అన్నాను.

ఆయన నన్ను ఒక క్షణం చూశాడు. నమ్మాడు. ఎందుకు నమ్మడు? ఆ ఎండలో పులివెందుల నుంచి వచ్చిన మనిషి ఒళ్ళు ఎవరిదైనా కాలుతుంది. తెల్లబట్టలు కట్టుకున్న బడి అయివారు, కట్టుకున్న మొగుడు, ఎదురుగా నిలబడి లేదంటే ఏ డాక్టరు మాత్రం అనుమానిస్తాడు? బయట పందిరి కింద చదువురాని వాళ్ళంతా నిజం చెప్పి పడుకున్నారు. వాళ్ళలో ఎంతమంది లేచి ఇళ్ళకు పోయారో!

సూది వేసిన పావుగంటకు ఆమె ఊపిరి సడలింది. నేను అడగకుండానే అంకెలు మొదలుపెట్టి ఏడు దాకా చెప్పి, గెలిచినట్టు నన్ను చూసింది. నాకు ఏడుపొచ్చింది. మాత్రలిచ్చి, రేపటికి తగ్గకపోతే తప్పకుండా మళ్ళీ తీసుకురమ్మని రెండుసార్లు చెప్పారు. ఎండ తగ్గాక, మా పల్లె కంటే దగ్గరని ప్రొద్దుటూరు బస్సెక్కి అత్త ఇంటికి చేరాం.

ఆ వీధంతా మగ్గాలు. మామూలుగా అక్కడ మాట వినపడాలంటే గొంతు పెంచాలి. ఆ రోజు సగం ఇళ్ళలో చప్పుడు లేదు. మగ్గం మోగని ఇంట్లో జ్వరముందని లెక్క, ఆ గడప ఎవరూ తొక్కరు. అత్త ఇంట్లో బావమరిది భార్య పచ్చి బాలింత, పురుడై ఇరవై రోజులు కూడా కాలేదు. అత్త వాకిట్లోకి ఎదురొచ్చి కూతుర్ని పట్టుకుని, "ఏమాయ నాయనా? జరమేం కాదు కదా?" అని అడిగింది.

జ్వరమంటే ఈ పూట మమ్మల్ని ఎక్కడ పడుకోబెడతారు? ఆ ఒక్క ఆలోచనే నాకు వచ్చింది. "ఉబ్బసమేలే అత్తా. సూది ఏపిచ్చినాం" అన్నాను. పొద్దుటి నుంచి చెప్పి చెప్పి నోరు అలవాటు పడిపోయింది. బాలింత గదికి మూడడుగుల దూరంలో నా భార్యకు పడక వేశారు. ఆ తల్లికీ బిడ్డకూ ఏమీ కాలేదు. దేవుడు నాకు చేసిన మేలు అదొక్కటే.

మరునాడు అత్త దుమ్ము పడదని రెండు మగ్గాలూ ఆపించింది. వీధిలో వాళ్ళు దూరం నుంచి, "ఏమ్మో, మగ్గం ఆగిందే? మీ ఇంట్లో గూడా వచ్చెనా?" అని అరిచి అడిగారు. అత్త వాకిట్లో నిలబడి ఒక్కొక్కరికీ, "యాడి జరం? మా పిల్లకు ఉబ్బసం. మా అన్న కొడుకు పెద్దాస్పత్రిలో చూపిచ్చుకోనొచ్చినాడు" అని గొప్పగా చెప్పింది. లోపల కూర్చుని నేను వింటున్నాను.

మధ్యాహ్నానికి సూది బలం పోయింది. మళ్ళీ ఊపిరి ఎగదన్నడం మొదలైంది. జమ్మలమడుగుకు తిరిగి పోదామా అన్నాను, గట్టిగా అనలేదు. "ఉబ్బసం నాకు తెల్దా నాయనా? మూడు దినాలుంటాది, పోతాది" అంది అత్త. అవునన్నాను. అత్తను అడ్డం పెట్టుకున్నాను గానీ అసలు సంగతి వేరు. ఆ డాక్టరు ముందు నిలబడి, నిన్న మీకు అబద్ధం చెప్పాను సార్ అనడానికి నాకు సిగ్గేసింది. సిగ్గు! మనిషి ప్రాణం ఒకవైపు, నా సిగ్గు ఒకవైపు. నేను సిగ్గునే కాపాడుకున్నాను.

ఆరో రోజు తెల్లవారి ఆమె ఉమ్మిన గుడ్డలో నెత్తురు చార కనిపించింది. గోళ్ళు నేరేడుపండు రంగుకు తిరిగాయి. బావమరిది పరుగెత్తి పోయి ఊళ్ళో డాక్టరును ఇంటికే తీసుకొచ్చాడు. ఆయన చెవికి గొట్టం పెట్టుకోకముందే, "ఎన్ని దినాల నుంచి జ్వరం?" అన్నాడు.

"జరం కాదు సామీ, మా పిల్లకు ఉబ్బసం" అంది అత్త.

"ఆరు దినాలు సార్" అన్నాను.

అత్త నా వైపు తిరిగింది. ఆ చూపును నేను ఇప్పటికీ భరించలేను. డాక్టరు పెన్సిలిన్ వేశాడు. ఇంకేదో సూది కూడా వేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. వాకిట్లోకి వచ్చాక, నాకు జ్వరం వచ్చి పోయిన సంగతి, జమ్మలమడుగులో దాచిన సంగతి ఆయనకు చెప్పాను. చేతులు కడుక్కుంటూ నాతో అన్నాడు: "ఆయాసముండే వాళ్ళకు ఈ జ్వరం అందరికీ వచ్చినట్టు రాదయ్యా. నీకొచ్చి పోయినట్టు పోదు. అది ఛాతీలోకి దిగితే వాళ్ళు తట్టుకోలేరు. మొదటి రోజే ఆస్పత్రిలో పెట్టాల. మొన్ననే ఈ సంగతి చెప్పింటే..." అని ఆపి, తువ్వాలు అడిగాడు.

అత్త నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నాకు గూడా చెప్పగూడదా నాయనా?" అంది. "బాలింతను పక్కింటికి పంపిస్తుంటి. నా బిడ్డను నా ఒళ్ళో పెట్టుకోని ఆ ఆస్పత్రిలోనే కూచుంటుంటి. నేనేమన్నా దాన్ని వద్దంటానా?"

ఆ మధ్యాహ్నం రెండింటికి నా భార్య పోయింది. ముందు పెట్టుకున్న పరుపు చుట్ట మీద తల ఆనించి, కూర్చునే పోయింది. నేను వీపు రాస్తూనే ఉన్నాను. ఆగిపోయిందని నాకంటే ముందు అత్తకు తెలిసింది.

పరామర్శకు వచ్చిన వాళ్ళందరికీ అత్త ఉబ్బసంతో పోయిందనే చెప్పింది. నన్ను కాపాడటానికే అట్లా చెప్పింది. చనిపోయేదాకా ఆ మాట మార్చలేదు. నేను పోయినప్పుడల్లా పీట వేసి అన్నం పెట్టింది.

అత్తకు నేను చెప్పని సంగతి ఒకటుంది. ఆ పొద్దున డాక్టరు వెళ్ళిపోయాక, అత్త వేడినీళ్ళకు లోపలికి పోయినప్పుడు, నా భార్య నన్ను దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. ఒక్కొక్క మాటకు ఊపిరి కూడదీసుకుంటూ చెప్పింది.

"జమ్మలమడుగు డాక్టరు... అడిగినప్పుడు... ఆయన మొగం చూస్తే... భయం పాయ. జరముందని... నేనే చెబుదామనుకున్యా. గాలి... సాల్లేదు. నీ తట్టు చూసినా... నువ్వు చెప్తావులే... అనుకున్యా."

"సూది ఏసినాంకన్నా చెప్పకపోతివే!" అన్నాను. అవును, అన్నాను. ప్రాణం పోతున్న మనిషి మీదికి నా తప్పు తోయాలని చూశాను. నా అంత నీచుడు ఇంకొకడు ఉంటాడా!

ఆమె కోపగించుకోలేదు. "అప్పుడు... బాగుండె గదా" అంది.

చెప్పాలనుకున్న మనిషికి నోరు విప్పడానికి ఊపిరి లేకపోయింది. పక్కన నిలబడిన నాకు ఛాతీ నిండా ఊపిరి ఉంది. అది ఖర్చు చేసి నేను చెప్పింది లేదు సార్ అని.